ఆ 360 పికోసెకన్లు ఎవరివి?

బెంగళూరులో ఏ పరిశోధన సంస్థ మెట్లెక్కినా ఏదో ఒక మూల తెలుగు వినబడుతుంది. అనంతపురం, కడప, తిరుపతి నుంచి రాత్రి బస్సెక్కి చదువుకని వచ్చి, ఐదారేళ్లు ల్యాబ్‌కే అంకితమైపోయిన వాళ్లు తక్కువేం కాదు. అలాంటి ఇద్దరిని ఊహించుకుందాం. లేజర్ గది. లైట్లు ఆర్పేశారు, కళ్లకు గాగుల్స్ పెట్టుకున్నారు, ఉన్న వెలుతురంతా స్కోప్ (విద్యుత్ సంకేతం కాలంతో ఎలా మారుతోందో గీసి చూపే ఆసిలోస్కోప్) తెర నుంచి వచ్చేదే. జూనియర్ నెలల తరబడి దుమ్ము చేరని క్లీన్‌రూమ్‌లో కూర్చొని చేసిన పరారుణ డిటెక్టర్ మీద మొదటిసారి లేజర్ పల్స్ పడింది.

"అన్నా, రైజ్ టైమ్ 360 పికోసెకన్లు వచ్చింది!"

"స్కోప్ బ్యాండ్‌విడ్త్ ఎంత?"

"1 గిగాహెర్ట్జ్."

"మరి ఆ 360లో నీ డిటెక్టర్‌ది ఎంతరా?"

రైజ్ టైమ్ అంటే సంకేతం కింది నుంచి పైకి లేవడానికి పట్టే కాలం. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతు. బ్యాండ్‌విడ్త్ అంటే పరికరం ఎంత వేగమైన మార్పుల దాకా అందుకోగలదన్న హద్దు. వేగవంతమైన డిటెక్టర్ల పరీక్షలో అసలు పనంతా ఈ చివరి ప్రశ్నలోనే ఉంది. తెర మీద కనిపించే అంకె డిటెక్టర్ ఒక్కదానిదే కాదు. లేజరు, డిటెక్టరు, దాని బంగారు తీగ, కేబులు, స్కోపు, అన్నీ కలిసి చెప్పిన ఉమ్మడి మాట అది. అందులోంచి డిటెక్టర్ వాటా విడదీయడం, ఆ డిటెక్టర్‌ను తయారుచేయడం కన్నా తక్కువ కష్టమేమీ కాదు. పరిశోధన పత్రాల్లో, డేటాషీట్లలో కనిపించే వేగాలను ఈ అనుమానంతోనే చదవాలి.

ముందు డిటెక్టర్ సంగతి. పరారుణ కాంతిని 1800లో విలియం హెర్షెల్ కనిపెట్టింది థర్మామీటర్‌తో. ఎరుపు దాటాక, కంటికి ఏమీ కనబడని చోట పాదరసం ఇంకా పైకి ఎగబాకింది. బోలోమీటర్ లాంటివి ఈనాటికీ అదే పద్ధతి: వెలుగు పడాలి, పదార్థం వేడెక్కాలి, ఆ వేడిని కొలవాలి. వేడెక్కి చల్లారడానికి మిల్లీసెకన్లు పడుతుంది. థర్మల్ కెమెరాకి అది చాలు. ఫైబర్ ఇంటర్నెట్‌కు, లేజర్‌తో దూరం కొలిచే పరికరాలకు చాలదు. అక్కడ ఫోటాన్ తగలగానే నేరుగా ఎలక్ట్రాన్‌ను లేపే సెమీకండక్టర్ కావాలి.

ఏ సెమీకండక్టర్ ఎంత దూరం చూడగలదో చెప్పడానికి ఒక చిన్న లెక్క ఉంది. 1.24ను దాని బ్యాండ్ గ్యాప్‌తో, అంటే ఎలక్ట్రాన్‌ను లేపడానికి కావలసిన కనీస శక్తితో (ఎలక్ట్రాన్ వోల్టుల్లో) భాగిస్తే, అది చూడగలిగే చివరి తరంగదైర్ఘ్యం మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) వస్తుంది. సిలికాన్ గ్యాప్ 1.12 కాబట్టి 1.1 మైక్రాన్ దగ్గరే దాని చూపు ఆగిపోతుంది. టీవీ రిమోట్ కొసన వెలిగే పరారుణ బల్బు చాలా ఫోన్ కెమెరాల్లో కనబడుతుంది గానీ, ఫైబర్‌లో నడిచే 1550 నానోమీటర్ల (1.55 మైక్రాన్ల) కాంతి కనబడదు. కెమెరా చిప్ సిలికాన్ మరి. ఆ కాంతికి ఇండియం గాలియం ఆర్సెనైడ్ వాడతారు. ఇండియం 53 శాతం ఉండేలా, ఇండియం ఫాస్ఫైడ్ మీద పొరగా పెంచితే గ్యాప్ 0.75, చూపు దాదాపు 1.65 మైక్రాన్ల దాకా సాగుతుంది. 3 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఇండియం యాంటిమొనైడ్, ఇంకా పైకి 1959లో ఇంగ్లండ్‌లో పుట్టిన మెర్క్యురీ కాడ్మియం టెల్యురైడ్.

అక్కడికి వెళ్లేసరికి కొత్త తలనొప్పి. గది ఉష్ణోగ్రతలో ఉన్న గోడ, బల్ల, మనిషి, ప్రతిదీ 10 మైక్రాన్ల చుట్టుపక్కల వెలుగుతూనే ఉంటుంది. దానికి తోడు, గ్యాప్ ఇంత చిన్నగా ఉంటే డిటెక్టర్ సొంత వేడి చాలు ఎలక్ట్రాన్లను లేపడానికి. అందుకే వీటిలో చాలావాటిని ద్రవ నైట్రోజన్‌తో 77 కెల్విన్‌కు చల్లబరుస్తారు. పాఠ్యపుస్తకం అంకె అది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల, ఇక్కడ మూత లేని ఫ్లాస్కులో నైట్రోజన్ దానికన్నా సుమారు ఒక కెల్విన్ తక్కువకే మరుగుతుంది. పరీక్షకు పెద్ద తేడా ఏమీ రాదు, తెలుసుకుంటే సరదా, అంతే.

వేగాన్ని ఆపేవి ముఖ్యంగా రెండు. మొదటిది కెపాసిటెన్స్, అంటే డిటెక్టర్ ఎంత విద్యుదావేశాన్ని పట్టి ఉంచుకుంటుందన్నది. బెంగళూరులో అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు సంప్ గురించి చెప్పనక్కర్లేదు. పైపు అదే అయితే, సంప్ పెద్దదయ్యే కొద్దీ నిండటానికి, ఖాళీ కావడానికి ఎక్కువసేపు పడుతుంది. డిటెక్టర్ సంప్ అయితే, పైపు 50 ఓమ్‌ల కేబుల్. 1 మిల్లీమీటర్ వ్యాసం, 3 మైక్రాన్ల మందం ఉన్న ఇండియం గాలియం ఆర్సెనైడ్ డయోడ్‌కు లెక్కేస్తే 32 పికోఫారడ్‌లు వస్తుంది. 50తో గుణించి, రైజ్ టైమ్ కోసం 2.2తో గుణిస్తే 3.5 నానోసెకన్లు. అదే డయోడ్‌ను 50 మైక్రాన్లకు కుదిస్తే వైశాల్యం 400 రెట్లు తగ్గి, రైజ్ టైమ్ 9 పికోసెకన్లకు దిగుతుంది. పదార్థం మారలేదు, పొరలు మారలేదు, సైజు మారింది. కాబట్టి "మా డిటెక్టర్ ఇంత వేగం" అని చెప్పి దాని వ్యాసం చెప్పకపోవడం చల్లకొచ్చి ముంత దాచడమే.

రెండోది ప్రయాణం. పుట్టిన ఎలక్ట్రాన్, దాని వెనుక మిగిలే ఖాళీ అంటే హోల్, రెండూ చెరో అంచుకు చేరాలి. గట్టి విద్యుత్ క్షేత్రంలో అవి ఎంత పరిగెత్తినా పికోసెకనుకు సుమారు 0.1 మైక్రాన్. 3 మైక్రాన్ల పొర దాటడానికి 30 పికోసెకన్లు. పొర పలచన చేస్తే ప్రయాణం తగ్గుతుంది, కానీ పలకలు దగ్గరైపోయి కెపాసిటెన్స్ పెరుగుతుంది. పైగా పలచని పొర సగం వెలుగును మింగకుండానే వదిలేస్తుంది. ఒకటి సర్దితే ఇంకొకటి జారుతుంది. ఈ బేరసారాల్లోనే డిజైన్ పని ఎక్కువ భాగం గడిచిపోతుంది.

ఇక వీటిని పరీక్షించడానికి పల్స్ లేజరే ఎందుకు? తలుపు గట్టితనం తెలియాలంటే ఒక్క దెబ్బ కొట్టి చప్పుడు వింటాం. ఆ దెబ్బ ఎంత పొట్టిగా ఉంటే చప్పుడులో తలుపు గుణం అంత స్పష్టంగా వినబడుతుంది. డిటెక్టర్‌కు దెబ్బ లేజర్ పల్స్. శక్తిని లోపలే పోగుచేసి ఒక్కసారిగా వదిలే, అంటే క్యూ-స్విచ్ చేసిన ఎన్‌డీ-యాగ్ లేజర్ 1064 నానోమీటర్ల దగ్గర కొన్ని నానోసెకన్ల పల్స్ ఇస్తుంది. పెద్ద డిటెక్టర్లకు అది పనికొస్తుంది. వేగంగా స్విచ్ చేసే లేజర్ డయోడ్ పదుల పికోసెకన్లు ఇస్తుంది, ఖర్చూ తక్కువ. లోపలి తరంగాలన్నిటినీ ఒకే తాళానికి నడిపే, అంటే మోడ్-లాక్ చేసిన టైటానియం సఫైర్ లేదా ఎర్బియం ఫైబర్ లేజర్ అయితే 100 ఫెమ్టోసెకన్లు, అంటే పికోసెకనులో పదో వంతు. డిటెక్టర్ వైపు నుంచి చూస్తే దానికి వెడల్పు లేనట్టే లెక్క. సమీకరణంలోంచి లేజర్‌ను కొట్టేయవచ్చు.

కానీ ఇక్కడే కొత్తవాళ్లు తరచూ బోల్తా పడతారు. పవర్ మీటర్ 1 మిల్లీవాట్ చూపిస్తుంది. "చాలా తక్కువేగా" అనిపిస్తుంది. లేజర్ సెకనుకు 8 కోట్ల పల్సులు కొడుతోందనుకుందాం, అంటే 80 మెగాహెర్ట్జ్. ఒక్కో పల్స్‌లో 12.5 పికోజౌళ్లు. అది 100 ఫెమ్టోసెకన్లలో దిగితే ఆ క్షణంలో శక్తి 125 వాట్లు. 1550 నానోమీటర్ల దగ్గర అవి దాదాపు 10 కోట్ల ఫోటాన్లు. డిటెక్టర్ వాటిని వాట్‌కు ఒక ఆంపియర్ చొప్పున మార్చి 100 పికోసెకన్లలో బయటికి పంపాలంటే 125 మిల్లీ ఆంపియర్లు ప్రవహించాలి, 50 ఓమ్‌ల మీద 6 వోల్టులకు పైగా రావాలి. డయోడ్‌కు బయటి నుంచి ఇచ్చిన వోల్టేజే (బయాస్) 5 వోల్టులు! రాబట్టలేని సొమ్ము అది. ఆవేశాలు లోపలే పోగుపడి, విద్యుత్ క్షేత్రాన్ని కుంగదీసి, పల్స్ సాగిపోతుంది. చూసేవాళ్లు డిటెక్టర్ నెమ్మది అనుకుంటారు. ఒక్కోసారి ఇందుకు విరుద్ధంగా, పల్స్ పైభాగం కోసుకుపోయి అంచు నిటారుగా కనబడి, ఉన్నదానికన్నా వేగంగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది.

మందు తేలికే. ఫిల్టర్లు పెట్టి మైక్రోవాట్‌కు దించాలి. పల్స్‌కు లక్ష ఫోటాన్లు, 6 మిల్లీవోల్టుల సంకేతం. చిన్నదే, కానీ నిజం చెబుతుంది. తర్వాత కాంతిని సగం చేసి చూడాలి. పల్స్ ఎత్తు సగమై, ఆకారం మారకపోతే ఆ కొలత నమ్మదగ్గది. ఎత్తు పావు వంతుకు పడిపోతే కథ వేరే. సిలికాన్ డయోడ్ మీద 1550 నానోమీటర్ల ఫెమ్టోసెకను పల్సులు వేస్తే సంకేతం వస్తుంది, రాకూడదు కదా! ఒక్కో ఫోటాన్‌కు 0.8 ఎలక్ట్రాన్ వోల్టులే ఉన్నా, రెండు ఒకేసారి తగిలి 1.6 అవుతున్నాయి. దీన్ని రెండు ఫోటాన్ల శోషణ అంటారు. కొత్త పదార్థం తన గ్యాప్‌కు మించి చూస్తోందని సంబరపడే ముందు ఈ సగం-పావు పరీక్ష చెయ్యాలి. సెకనుకు వెయ్యి పల్సులే ఇచ్చి, ఒక్కోదాన్ని బాగా పెంచే కిలోహెర్ట్జ్ యాంప్లిఫైడ్ లేజర్ల విషయంలో ఇంకో మెట్టు జాగ్రత్త అవసరం. అదే 1 మిల్లీవాట్ అక్కడ పల్స్‌కు 1 మైక్రోజౌల్, అంటే 80 వేల రెట్లు. డిటెక్టర్ మాడిపోవడానికి ఒక్క పల్స్ చాలు.

మాడిపోయేవి డిటెక్టర్లే కాదు. 1064 నానోమీటర్ల కాంతి కనబడదు, రెప్ప వాల్చాలన్న స్పృహ రాదు, తిన్నగా రెటీనా దాకా పోతుంది. 1550ను కంటి ముందు భాగంలోని నీరే చాలావరకు పీల్చేస్తుంది కాబట్టి కాస్త నయం, అలాగని నిర్లక్ష్యం పనికిరాదు. లేజర్ గదిలోకి వెళ్లేటప్పుడు వాచీ, ఉంగరం, గాజులు తీసి పక్కన పెట్టమనేది అందుకే. మెరిసే లోహం మీద పడిన కాంతి ఎటు మళ్లుతుందో ఎవరికీ తెలియదు.

పల్స్ పైకి లేవడం ఒక ఎత్తు, కిందికి దిగడం ఇంకో ఎత్తు. స్కోప్ మీద పల్స్ చకచకా సగానికి పడిపోయి, అక్కడి నుంచి నెమ్మదిగా ఈడ్చుకుంటూ పోవడం మామూలే. ఆ తోకకు కారణం, క్షేత్రం లేని చోట పుట్టిన ఎలక్ట్రాన్లు. మెయిన్ రోడ్డు మీద పడినవి సర్రున వెళ్లిపోతాయి. సందుల్లో పుట్టినవి దారి వెతుక్కుంటూ, అటూ ఇటూ తిరిగి, ఎప్పటికో రోడ్డెక్కుతాయి. కాంతి ఎంత లోతుకు దిగిందన్న దాన్ని బట్టి ఈ తోక మారుతుంది. సిలికాన్‌లో 800 నానోమీటర్ల కాంతి సుమారు 12 మైక్రాన్లలో చాలామటుకు ఆగిపోతుంది. 1064 అయితే మిల్లీమీటర్ లోతుకు దూసుకుపోతుంది. అంటే ఒకే డయోడ్, రెండు రంగుల లేజర్లు, రెండు వేర్వేరు వేగాలు. ఏ తరంగదైర్ఘ్యంతో కొలిచారో చెప్పని వేగానికి అర్థమే లేదు.

ఇక స్కోప్ వాటా. ఆదర్శమైన అంచు, అంటే సున్నా కాలంలో లేచే సంకేతం ఇచ్చినా 1 గిగాహెర్ట్జ్ స్కోప్ దాన్ని సుమారు 350 పికోసెకన్లుగానే గీస్తుంది. 0.35ను బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే వచ్చే అంకె అది. వేర్వేరు భాగాల రైజ్ టైమ్‌లు మామూలుగా కూడవు, వాటి వర్గాలు కూడతాయి. కాబట్టి చూసిన 360 వర్గంలోంచి 350 వర్గం తీసేస్తే, డిటెక్టర్ వాటా వర్గమూలంలో 84 పికోసెకన్లు. ఇంతటితో ఆగి 84 అని రాసేసుకోవచ్చు. చాలామంది ఆగిపోతారు కూడా. కానీ స్కోప్ అసలు అంకె 350 కాక 342 అయితే? జవాబు 112. 358 అయితే? 38. స్కోప్‌లో రెండు శాతం తేడా, డిటెక్టర్ వేగాన్ని మూడింతలు అటూ ఇటూ ఊపేసింది. టన్నులు తూచే లారీ కాటా మీద తులం బంగారం తూచినట్టు ఉంటుంది ఈ కొలత. చూసిన అంకె 500 అయి ఉంటే ఇబ్బంది లేదు, 357 అని ధైర్యంగా చెప్పవచ్చు. పరికరం కన్నా డిటెక్టర్ చాలా వేగమైనప్పుడే తీసివేత మోసం చేస్తుంది.

స్కోప్‌ను అనుమానించేవాళ్లు కూడా కేబుల్‌ను అనుమానించరు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాను కావాలంటే ఎస్పీ రోడ్డు. సందు సందుకూ కనెక్టర్లు, కేబుళ్లు, అటెన్యుయేటర్లు దొరుకుతాయి. అక్కడ కొన్న మామూలు బీఎన్‌సీ కేబుల్ వందల మెగాహెర్ట్జ్‌ల దాకా బాగానే పనిచేస్తుంది, పికోసెకన్ల పరీక్షకు మాత్రం మంచి ఎస్ఎంఏ (ఎక్కువ ఫ్రీక్వెన్సీలకు చేసిన చిన్న మర కనెక్టర్) కేబుల్ కావాలి, అదీ పొట్టిగా. కేబుల్‌లో సంకేతం నానోసెకనుకు సుమారు 20 సెంటీమీటర్లు నడుస్తుంది. ఒక మీటరు కేబుల్ రెండు కొసల్లోనూ పరికరాల ఓమ్‌లతో జత కుదరకపోతే సంకేతం వెనక్కి తగిలి, మళ్లీ తిరిగొచ్చి, దాదాపు 10 నానోసెకన్ల తర్వాత చిన్న బుడిపెగా కనిపిస్తుంది. దాన్ని చూసి డిటెక్టర్‌లో రెండో ప్రక్రియ ఏదో ఉందని సిద్ధాంతాలు అల్లినా ఆశ్చర్యం లేదు. కేబుల్ మార్చి అర మీటరుది పెడితే బుడిపె 5 నానోసెకన్లకు జరిగితే అది కేబుల్‌దే. రెండు నిమిషాల పని.

చిప్‌ను ప్యాకేజీకి కలిపే బంగారు తీగ కూడా లెక్కలోకి వస్తుంది. మిల్లీమీటరు తీగకు దాదాపు 1 నానోహెన్రీ. దానికి 1 పికోఫారడ్ తోడైతే 5 గిగాహెర్ట్జ్ దగ్గర గంట మోగినట్టు సంకేతం ఊగుతుంది. ఇది కాక ట్రిగ్గర్ (గీయడం ఎప్పుడు మొదలుపెట్టాలో స్కోప్‌కు చెప్పే సంకేతం) తడబాటు ఒకటి. శబ్దం తగ్గించడానికి వెయ్యి పల్సుల సగటు తీస్తే, ప్రతి పల్స్ కాస్త ముందూ వెనకగా పడుతుంటే, సగటులో అంచు చెదిరి వెడల్పవుతుంది. నున్నగా కనిపించే గీతను చూసి మురిసిపోయే ముందు ఒక్క పల్స్‌ను విడిగా చూడటం మేలు.

అసలు వేగమైన స్కోపే అక్కర్లేని దారి కూడా ఉంది. లేజర్ పల్స్‌ను రెండుగా చీల్చి, ఒకదాన్ని జరిగే అద్దం మీదుగా కాస్త ఆలస్యంగా పంపుతారు. కాంతి పికోసెకనుకు 0.3 మిల్లీమీటర్లు నడుస్తుంది. అద్దం దాకా వెళ్లి రావాలి కాబట్టి అద్దాన్ని 0.15 మిల్లీమీటర్లు జరిపితే ఒక పికోసెకను ఆలస్యం. డిటెక్టర్ మీద రెండూ పడతాయి. మొదటి దెబ్బ నుంచి అది ఇంకా తేరుకోకముందే రెండోది పడితే మొత్తం కరెంట్ కాస్త తగ్గుతుంది, తేరుకున్నాక పడితే తగ్గదు. ఆలస్యాన్ని మార్చుకుంటూ సగటు కరెంట్‌ను మామూలు మీటర్‌తో చదివితే చాలు, తేరుకునే కాలం గ్రాఫ్‌లో లోయ వెడల్పుగా కనబడుతుంది. ఇంతకుముందు తిట్టుకున్న, ఆవేశాలు లోపలే పోగుపడే సంతృప్త స్థితే ఇక్కడ సాయపడుతుంది. అయితే ఇది డిటెక్టర్ లోపలి వేగమే చెబుతుంది, దాని నుంచి సంకేతం బయటికి ఎంత వేగంగా వస్తుందో చెప్పదు. గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర) డిటెక్టర్ల ప్రచారంలో ఈ రెండింటినీ కలిపేయడం తరచూ కనిపిస్తుంది. 2009లో ఐబీఎం పరిశోధకులు ఆ తేడా చూపుతూ రాశారు: 40 గిగాహెర్ట్జ్ వరకు కొలిచాం, ప్రతిస్పందన తగ్గలేదు, లోపలి హద్దు 500 గిగాహెర్ట్జ్ దాటవచ్చని మా విశ్లేషణ. కొలిచింది వేరు, అంచనా వేసింది వేరు.

కొత్త పదార్థాల పత్రాల్లో ఇంకో తిరకాసు ఉంది. వాట్‌కు వేల ఆంపియర్ల స్పందన అని ఒక గ్రాఫ్, మైక్రోసెకన్ల వేగం అని ఇంకో గ్రాఫ్. మొదటిది అతి తక్కువ నిలకడ కాంతితో కొలిచింది, రెండోది గట్టి పల్స్‌తో. ఫోటోకండక్టర్‌లో, అంటే వెలుగు పడితే విద్యుత్‌ను ఎక్కువగా పోనిచ్చే డిటెక్టర్‌లో, లాభం (ఒక్కో ఫోటాన్‌కు బయటికి వచ్చే ఎలక్ట్రాన్ల లెక్క) అంటే ఎలక్ట్రాన్ బతికి ఉన్న కాలాన్ని అది అంచు చేరే కాలంతో భాగించడమే. ఎక్కువ కాలం బతికితే లాభం ఎక్కువ, వేగం తక్కువ. ఒకే చిప్ ఒకే వెలుగులో ఆ రెండూ ఇవ్వదు.

బెంగళూరుకు ఈ పని కొత్తదేమీ కాదు. 1975లో ఆర్యభట్ట ఉపగ్రహాన్ని తయారుచేసిన పీణ్య షెడ్ల ప్రాంతంలోనే ఇస్రో ఎలక్ట్రో ఆప్టిక్స్ ప్రయోగశాల లియోస్ ఉంది. 2008లో చంద్రయాన్-1తో వెళ్లి, 1064 నానోమీటర్ల పల్సులతో చంద్రుడి ఎత్తుపల్లాలు కొలిచిన పరికరం అక్కడిదే. తిరిగొచ్చిన పల్స్‌ను 1 నానోసెకను తప్పుగా గుర్తిస్తే దూరంలో 15 సెంటీమీటర్లు తేడా వస్తుంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోని నానో సెంటర్ క్లీన్‌రూమ్‌ను బయటి కాలేజీల వాళ్లు కూడా ప్రభుత్వ యూజర్స్ ప్రోగ్రామ్ కింద వాడుకునే వీలుంది. మారుమూల ఇంజినీరింగ్ కాలేజీ నుంచి వచ్చినా సరే, డిజైన్ చేతిలో ఉంటే చిప్ చేసుకోవచ్చు. చిప్ దొరికాక దాన్ని సరిగ్గా కొలిచే చోటు దొరకడమే ఇంకా కష్టం అనిపిస్తుంది, ఎందుకంటే పదుల గిగాహెర్ట్జ్ స్కోప్ ఖరీదు మామూలు కాలేజీ ల్యాబ్ మొత్తం ఖరీదుతో పోటీ పడుతుంది.

3 నుంచి 5 మైక్రాన్ల డిటెక్టర్లకు వచ్చేసరికి ఇబ్బంది రెట్టింపు. అక్కడ పొట్టి పల్సులిచ్చే లేజర్లు తక్కువ. 1994లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన క్వాంటమ్ కాస్కేడ్ లేజర్ ఆ రంగులిస్తుంది గానీ, దాంతో పికోసెకను పల్సులు రాబట్టడం సులువు కాదు. పల్సులను స్ఫటికాల్లో కలిపి, విడదీసి ఆ తరంగదైర్ఘ్యానికి తీసుకురావాలి, ఆ అమరిక గది సగం ఆక్రమిస్తుంది. దగ్గరి దారిగా 1550తోనే కొట్టి వేగం కొలవడం ఉంది. కానీ ఆ కాంతి పైపైనే ఆగిపోతుంది, 4 మైక్రాన్లది లోతుకు దిగుతుంది. వచ్చిన అంకె వేరే డిటెక్టర్‌ది అనుకోవాల్సిందే.

మళ్లీ ఆ చీకటి గదికి వద్దాం. డిటెక్టర్ వ్యాసం 150 మైక్రాన్లు, పొర 3 మైక్రాన్లు. కాగితం మీద లెక్కేస్తే కెపాసిటెన్స్ వల్ల 80, ప్రయాణం వల్ల 30, వర్గాలు కూడితే 85 పికోసెకన్లు రావాలి. పక్క ల్యాబ్ వాళ్లను బతిమాలి ఒక మధ్యాహ్నానికి 16 గిగాహెర్ట్జ్ స్కోప్ తెచ్చుకున్నారనుకుందాం. తెర మీద 95. స్కోప్ సొంత వాటా 22 తీసేస్తే 92. స్కోప్ రెండు శాతం అటూ ఇటూ అయినా ఈసారి ఆ 92 కదలదు. లెక్కకూ కొలతకూ మధ్య మిగిలిన 7 పికోసెకన్లకు, తీగ అతికించడానికి వేసిన మెటల్ ప్యాడ్ కెపాసిటెన్స్ సరిపోతుంది. "ప్యాడ్ చిన్నది చేస్తే పోతుందన్నా" అంటాడు జూనియర్, చిప్ ఆకారం గీసిన మాస్క్ డ్రాయింగ్ తెరుస్తూ.